చేపల చెరువు మధ్యలో ముప్పై మార్కుల పరీక్ష

కరోనా సర్దుమణిగిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి స్ట్రోక్ యూనిట్‌లో సీనియర్ ఆక్యుపేషనల్ థెరపిస్టుగా ఉన్నాను. హోదా పేరు చాలా పొడుగు. దాన్ని బోర్డు మీద రాయించడానికి ఆసుపత్రి వాళ్లు గోడని రెండడుగులు పొడిగించాల్సి వచ్చిందని నేను చెబుతూ ఉంటాను, ఇంతవరకూ ఎవరూ ఖండించలేదు. పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ చొక్కా గుండీ పెట్టుకోగలడా, అన్నం కలుపుకోగలడా, మందులు వేళకి వేసుకోగలడా, బండి నడపగలడా అని చూడటం, చేయలేనివి నేర్పించడం మా పని. ఫిజియోథెరపిస్టు కాలు లేపిస్తాడు. ఆ కాలు వేసుకుని మనిషి ఎక్కడికి పోవాలో మేం చూస్తాం.

యూనిట్‌లో పెద్ద న్యూరాలజిస్టు మేడమ్. ఆవిడ కింద డ్యూటీ డాక్టర్లు. వాళ్ల కింద మేము. మా కింద కుర్చీలు.

ఒక ఉదయం మేడమ్ పిలిచి ఒక ఫైలు నా ముందుకు తోశారు. పేషెంటు నరసింహరాజు గారు, అరవై ఆరేళ్లు, భీమవరం దగ్గర పల్లెటూరు, చేపల చెరువులు. దీపావళి ముందు ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయి మా దగ్గరికొచ్చారు. సంక్రాంతి దాటేసరికి ఎంత బాగా కోలుకున్నారంటే, ఆయన నడకని వీడియో తీసి కొత్త పేషెంట్లకి సినిమాలా వేసి చూపించేవారు. ఇప్పుడాయన కారు నడపడానికి పనికొస్తానని డాక్టరు కాగితం అడుగుతున్నారు. వచ్చే శనివారం భార్యనీ ఇద్దరు మనవరాళ్లనీ ఎక్కించుకుని, తనే నడుపుకుంటూ కోరుకొండ నరసింహస్వామి దగ్గరికి తీసుకెళతానని మొక్కుకున్నారట.

అలాంటి కాగితానికి మా దగ్గర మూడు మెట్లుండేవి. మొదట బుర్ర పరీక్ష. తర్వాత చేతులూ కాళ్లూ కళ్లూ ఎంత చురుగ్గా కదులుతున్నాయో చూడటం. ఆఖరున రోడ్డు మీద పరీక్ష. ఒక మెట్టు దాటితేనే రెండోది. నేను రిపోర్టు రాస్తే మేడమ్ సంతకం పెడతారు.

బుర్ర పరీక్షంటే ముప్పై మార్కుల కాగితం. ఇవాళ ఏం వారం, గడియారం బొమ్మ వేసి ముళ్లు పెట్టండి, నేను చెప్పిన ఐదు మాటలు కాసేపయ్యాక తిరిగి చెప్పండి, వందలోంచి ఏడేసి తీసేస్తూ రండి. ఇలా ఉంటుంది. వార్డులో ఉండగా రాజుగారికి అందులో ఇరవై తొమ్మిది వచ్చాయి. నాకెప్పుడూ అన్ని రాలేదు.

“మరింకేంటి మేడమ్?” అన్నాను.

“వాళ్లావిడ నిన్న ఒక్కరే వచ్చారు,” అన్నారు మేడమ్. “ఆవిడతో మాట్లాడి, ఇంటికెళ్లి చూసి రండి.”

సత్యవతి గారు నాతో ఫోన్లో మాట్లాడారు. “చెయ్యి బాగుందండి, కాలు బాగుందండి. ఆ రెంటికీ పైనుండే ఆయనే సరిగ్గా లేరండి. మొన్న కాలువ లాకుల దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది చూడండి, అక్కడ బండాపేసి కూచున్నారు. ఏంటండీ అంటే గాలి బాగుందన్నారు. మిట్టమధ్యాహ్నం గాలేంటండీ, అక్కడేవన్నా సముద్రముందాండీ! మందులకి భీమవరం తీసుకెళ్లి, మందులు తప్ప అన్నీ కొనుక్కొచ్చారు. మా మరిదిగారితో చెబితే, వదినగారూ మీకు భయమెక్కువ అంటారు.” కారు తాళం బియ్యం డబ్బాలో దాచేశాననీ, ఇంట్లో ఆ సంగతి ఇంకెవరికీ తెలియదనీ కూడా చెప్పారు. ఆ ఊరి దారి నేనెరుగుదును. ఇటు కాలువ, అటు చెరువులు, మధ్యలో ఒక కారూ ఒక గేదే ఎదురైతే గేదే గెలిచే వెడల్పు రోడ్డు. నా రిపోర్టు తప్పయితే శనివారం ఆ నలుగురూ కాలువలో తేలతారు.

*

ఉదయం తొమ్మిదికల్లా రాజుగారింటికి చేరాను. వరండాలోనే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. “ఆయ్, రండి రండి, ఎన్నాళ్లకొచ్చారండి!” అన్నారు. నేనా ఇంటికి వెళ్లడం అదే మొదలు. అయినా ఆ పలకరింపుకి, పోయిన జన్మలో ఎప్పుడో వచ్చి ఉంటాననిపించింది.

మా జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి నోట్లో ముద్ద పడందే వచ్చిన పనేంటని అడగరు. పెసరట్టు వచ్చింది. దాని పొడుగు మా ఆసుపత్రి స్ట్రెచరంత. దాని మీద ఉప్మా పేషెంటులా పడుకుని ఉంది. తర్వాత ఇడ్లీ, రొయ్యల వేపుడు, పూతరేకులు, మళ్లీ ఇడ్లీ. అవి తిని లేచేసరికి పరీక్ష పెట్టవలసింది నాకేమో అన్నట్టుంది నా పరిస్థితి.

హాల్లో కాగితం తీశాను. రాజుగారు పడక్కుర్చీలో కూర్చున్నారు. ఆయన చుట్టూ తమ్ముడు గోపాలరాజు గారు, ఆయన భార్య, మేనత్త, ఇంకా వాళ్ల వాళ్లు, ఎదురింటి వాళ్లు. పెళ్లికొడుకుని చేసేటప్పుడు కూడా అంతమంది ఉండరు.

“ఇవాళ ఏం వారమండీ, రాజుగారూ?”

రాజుగారు నవ్వారు. గోపాలరాజు గారివైపు తల కొంచెం, ఒక్క వెంట్రుకవాసి, తిప్పారు.

“గురువారం కదా అన్నయ్య గారూ,” అన్నారు తమ్ముడు.

“ఆయ్, గురువారమండి,” అన్నారు రాజుగారు హుందాగా.

గడియారం వేయమంటే, తమ్ముడుగారు తన చేతి గడియారం విప్పి ఆయన ముందు పెట్టారు. పేషెంటు పేరు అడిగితే తప్ప మిగతా ప్రతి జవాబూ ఊరేగింపుగా వచ్చింది. గొడుగు, మామిడి, పడవ, బడి, నీలం అని ఐదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నాను. కాసేపటికి అడిగితే వంటింట్లోంచి మేనత్తగారు ఐదూ వరసగా అప్పజెప్పి, ఊపులో ఆవకాయ కూడా చేర్చారు. వందలోంచి ఏడు తీసేయమంటే, ఎదురింటాయన తొంభై మూడన్నారు, పక్కాయన ఎనభై ఆరన్నారు. రాజుగారు వాళ్లిద్దర్నీ మెచ్చుకోలుగా చూసి, “చాలా బాగా చెప్పారండి. థెరపిస్టు గారూ, మీరు కజ్జికాయ తీసుకోలేదు!” అన్నారు.

వాళ్లెవరూ మోసం చేయడం లేదు. పెద్దాయన గ్లాసు కోసం చెయ్యి చాపితే నీళ్లందించడం ఆ ఇంట్లో ఎంత మర్యాదో, మాట కోసం తడుముకుంటే మాటందించడం అంతే మర్యాద. పరాయివాళ్ల ముందు పెద్దాయన నోట ‘తెలీదు’ అనిపించడమంటే ఆయన పంచె లాగేసినట్టే. మూడు నెలలుగా ఆయన ప్రతి మాటకీ ముందు ఎవరో ఒకరు మాటందిస్తూ వచ్చారు. అందిస్తున్నట్టు వాళ్లకే తెలియదు. వార్డులో ఇరవై తొమ్మిది మార్కులు ఎలా వచ్చాయో అప్పుడర్థమైంది. అవి రాజుగారివి కావు, ఉమ్మడి కుటుంబానివి. ఆ పోయిన ఒక్క మార్కూ తిథి చెప్పాలా తారీఖు చెప్పాలా అని మంచం చుట్టూ వాళ్లలో వాళ్లకి తగువొచ్చి పోయిందని తర్వాత డ్యూటీ డాక్టరు ఒప్పుకున్నాడు.

ఇక రాజుగారి తరఫున ఆయన మర్యాదే వాదిస్తోంది. గోదావరి మర్యాదకి జ్ఞాపకశక్తితో పనిలేదు. ‘ఆయ్, రండి, కూచోండి, భోంచేశారా, పిల్లలు బాగున్నారా, ఉండండి వెళ్దురుగాని’ అనే మాటలతో మా ప్రాంతంలో ఒక మనిషి పంచాయతీ ఎన్నిక గెలవొచ్చు, పెళ్లి సంబంధం కుదర్చొచ్చు, నిండు నూరేళ్లూ బతికేయొచ్చు. మెదడు ఎక్కడ ఎంత దెబ్బతిన్నా, చిన్నప్పట్నుంచీ అలవాటైన ఆ మాటలు చాలావరకు అలాగే నిలుస్తాయి.

ఒంటరిగా మాట్లాడాలని అందర్నీ బయటికి వెళ్లమన్నాను. ఎంతో వినయంగా వెళ్లారు. ఆ ఇంటికి ఎన్ని ద్వారాలున్నాయో నాకు తెలియలేదు, తూర్పున వెళ్లినవాళ్లు దక్షిణం నుంచి మజ్జిగ పట్టుకుని వచ్చారు. పెరట్లోకి వెళ్లాం. కిటికీలు మాట్లాడాయి. మేడమీదకెళ్లాం. వెనకాలే కుర్చీలొచ్చాయి, కుర్చీల్లో మనుషులొచ్చారు.

అప్పుడు సత్యవతి గారు చీర కొంగు నడుముకి చుట్టుకుంటూ, ఏమీ ఎరగనట్టు అన్నారు. “ఏవండీ, ఇంత దూరం వచ్చారు, ఆయనకి మన పెద్ద చెరువు చూపించరా? పడవలో మీరిద్దరూ ఓ చుట్టు తిరిగి రండి.”

రాజుగారి ముఖం వెలిగిపోయింది. పెద్ద చెరువు చూపించకుండా అతిథిని పంపితే ఆయనకి రాత్రికి అన్నం దిగదు.

“నేనూ వస్తాను,” అన్నారు గోపాలరాజు గారు.

“పడవలో ఇద్దరే పడతారు మరిదిగారూ,” అన్నారావిడ.

*

అది పడవంటే పడవ కాదు. చేపలకి మేత వేయడానికి వాడే ఫైబరు తొట్టె. తెడ్డు లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడు పట్టుకుని లాక్కుంటూ పోవడమే. నీళ్లు ఛాతీ లోతే అయినా సత్యవతి గారు మా ఇద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగించారు. నాది గుండీ పెట్టుకోలేకపోతే రాజుగారే పెట్టారు. గుండీలు పెట్టడం నేర్పించే ఉద్యోగం నాది.

చెరువు మధ్యకి వెళ్లేసరికి గట్టు మీద కుటుంబమంతా బారులు తీరింది. నేను కాగితం విప్పానో లేదో, గోపాలరాజు గారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశారు.

“అన్నయ్య గారూ... గురువారం!”

“నెల ఫిబ్రవరి!” అన్నారు ఇంకెవరో.

“గొడుగూ, మామిడీ!” అన్నారు మేనత్తగారు.

సత్యవతి గారు మరిదివైపు తిరిగారు. నీళ్ల మీద మాట స్పష్టంగా వినిపిస్తుంది. “మరిదిగారూ, ఆ కాగితంలో మీ పేరుందాండీ? లేదు కదా. ఇంకో మాటొచ్చిందంటే మిమ్మల్ని కూడా ఆ నీళ్లలోకే పంపుతాను. అత్తయ్యా, మీరూనండి.”

గట్టు మీద చప్పుడు ఆగిపోయింది. చేపలు కూడా గుటకలు మింగినట్టనిపించింది.

కాగితం పక్కన పెట్టేసి, అడగాల్సిందే సూటిగా అడిగాను. “రాజుగారూ, శనివారం కోరుకొండ ఎలా వెళతారండీ?”

“తణుకు మీంచి వెళతామండి,” అన్నారు వెంటనే. “అక్కణ్నుంచి రాజమండ్రి. అక్కణ్నుంచి కోరుకొండ. నలభయ్యేళ్లుగా అదే దారండి.”

“తణుకు దారి మూసేశారనుకోండి. వంతెన బాగుచేస్తున్నారు. అప్పుడు?”

“ఆయ్, బాగుచేయాలండి. చాలా గతుకులండి.”

“మరెలా వెళతారండీ?”

“తణుకు మీంచి వెళతామండి.”

“అది మూసేశారు కదండీ.”

“మూసేశారండి,” అన్నారు. తల పంకించారు. చొక్కా జేబు తడుముకున్నారు, ఏమీ లేదు. పంచె రొంటి తడుముకున్నారు, అక్కడా ఏమీ లేదు. చెరువు మధ్యలో పెసరట్టు లేదు, కజ్జికాయ లేదు, మజ్జిగ లేదు. అతిథికి పెట్టడానికి ఏమీ లేని చోట ఆ మనిషి నిలబడటం అదే మొదలనుకుంటాను. “ఓ బొచ్చె చేప పట్టించమంటారా?” అన్నారు ఆఖరికి, పెద్దది చూపిస్తూ చేతులు చాపి.

“తర్వాతండీ. తణుకు దారి లేకపోతే?”

గట్టువైపు చూశారు. తమ్ముడు నోరు తెరిచి, వదినగార్ని చూసి మూసేశారు. రాజుగారు నావైపు తిరిగారు.

“తెలీదండి,” అన్నారు.

ఆ మాట తర్వాత ఆయన గొంతు నేలకి దిగింది. “లాకుల దగ్గర గాలి కోసం కాదండి ఆగింది. రెండు దార్లూ తెలిసినవేనండి. ఏది పట్టుకోవాలో తెలీలేదండి. దారంట వెళ్లే వాళ్లు నమస్కారం పెట్టారు. నేనూ పెట్టానండి. ఎవరో ఏంటో తెలీదండి. నమస్కారం ఎవరికి పెట్టినా తప్పులేదు కదండీ.” గట్టువైపు చూసి, “మా ఆవిడకి చెప్పకండి, భయపడుతుంది,” అన్నారు.

“ఆవిడకి తెలుసండీ,” అన్నాను.

“తెలుసా?” అన్నారు ఆయన. ముఖంలో భయం లేదు. నెత్తి మీది ధాన్యం బస్తా ఎవరో దించినట్టుంది.

నేను చలించిపోయాను. ఇలాంటప్పుడు చలించకూడదని మా వృత్తిలో నియమం. పడవలో నిలబడి చలించకూడదని లోకంలో నియమం. రెండూ ఒకేసారి తప్పి తాడు వదిలేశాను. తొట్టె గిర్రున తిరిగింది, నేను చెరువులో పడ్డాను. ఆ పడటానికి ఎగసిన నీళ్లు భీమవరం రైల్వే స్టేషన్ దాకా వెళ్లి ఉంటాయి. లైఫ్ జాకెట్ ముఖం మీదకొచ్చింది. ఛాతీ లోతు నీళ్లలో మునిగిపోతున్నానని నేను గట్టిగా నమ్ముతుండగా, ఒక చెయ్యి నా కాలరు పట్టుకుని, మేత సంచిని లాగినట్టు, ఒక్క గుంజుతో పైకి లాగేసింది.

అది నరసింహరాజు గారి ఎడమ చెయ్యి. దీపావళికి పడిపోయిన చెయ్యి! కుడి చేత్తో తాడు పట్టుకుని, కూర్చున్న చోటునుంచి కదలకుండా, ఎనభై కిలోల థెరపిస్టుని ఎడమ చేత్తో ఎత్తేశారు. మా ఫిజియోథెరపీ వాళ్లు చూసుంటే అక్కడికక్కడే స్వీట్లు పంచేవారు. పరీక్ష కాగితం మాత్రం నీళ్లలో విప్పుకుపోయింది, శీలావతి చేపలు దిద్దుకున్నాయి.

గట్టెక్కాక గోపాలరాజు గారు తువ్వాలుతో పరిగెత్తుకొచ్చారు. తువ్వాలు నాకు, ప్రశ్న అన్నగారికి. “బాగానే చెప్పారు కదా, అన్నయ్య గారూ?”

“లేదు గోపాలం,” అన్నారు రాజుగారు. “చెప్పలేకపోయాను. నువ్వు నాకు మాట అందించకు ఇంక.” భార్యవైపు తిరిగి, “తాళం నీ దగ్గరే ఉంచు సత్యవతీ. బియ్యంలో వద్దు, వండేస్తావు,” అన్నారు.

ఆయనకి అన్నీ తెలియకపోలేదు.

*

మర్నాడు ఆసుపత్రిలో, తలుపు గడియ పెట్టి, మళ్లీ పరీక్ష చేశాను. పద్దెనిమిది వచ్చాయి. స్కాను తీస్తే, దీపావళి నాటి పెద్ద మచ్చతో పాటు ఎప్పుడెప్పుడో ఎవరికీ తెలియకుండా వచ్చిపోయిన చిన్న చిన్న స్ట్రోకుల మచ్చలు కనబడ్డాయి. మేడమ్ రాజుగారి దంపతుల్నీ తమ్ముడినీ కూర్చోబెట్టి చెప్పారు. వాళ్లకర్థమయ్యేలా కాలువల భాషలోకి మార్చిన ఘనత నాది.

పెద్ద కాలువకి గండి పడితే ఊరంతా పరిగెత్తుతుంది. చెయ్యి పడిపోవడం అలాంటిది. చేల మధ్య నీళ్లు పారే బోదెలు ఒక్కొక్కటీ పూడిపోతుంటే ఎవరూ చూడరు. ఒక మడి ఎండుతుంది, తర్వాత ఇంకో మడి. మెదడులో సన్నటి రక్తనాళాలు అలా పూడినప్పుడు కాలూ చెయ్యీ బాగానే ఉంటాయి. ఆలోచన నెమ్మదిస్తుంది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఎంచుకోవడం, పనులు వరసలో పెట్టుకోవడం ముందు పోతాయి. కొందరిలో జ్ఞాపకశక్తి తర్వాత పోతుంది. దీన్ని మతిమరుపు జబ్బుల్లో రక్తనాళాల వల్ల వచ్చేదంటారు. స్ట్రోక్ వచ్చిన అందరికీ రాదు, కానీ స్ట్రోక్ రానివాళ్లకంటే వచ్చినవాళ్లకి ముప్పెక్కువ. పూడిన బోదె మళ్లీ పారుతుందని మాటివ్వలేం. బీపీ, షుగరు అదుపులో పెట్టి, మందులు మానకుండా, చుట్ట మానేస్తే మిగిలిన బోదెల్ని కాపాడుకునే అవకాశం పెరుగుతుంది.

“అంటే మా అన్నయ్య గారి పరిస్థితి ఇంతకన్నా పాడవకుండా చూడొచ్చా అండి?” అన్నారు గోపాలరాజు గారు.

“ప్రయత్నించొచ్చు,” అన్నారు మేడమ్. “మీరు ఆయన బదులు మాట్లాడటం మానేస్తే, పాడవుతోందో లేదో ముందే తెలుస్తుంది కూడా.”

ఆ శనివారం కోరుకొండ ప్రయాణం ఆగలేదు. అద్దె డ్రైవరు నడిపాడు, తణుకు మీంచే. రాజుగారు ముందు సీట్లో కూర్చుని దారిపొడుగునా కనబడిన ప్రతివారికీ నమస్కారం పెట్టారని, మనవరాళ్లు వెనక సీట్లో కూర్చుని ఎవరు తాతయ్యా అని అడిగితే ‘తెలీదమ్మా’ అని ధైర్యంగా చెప్పారని సత్యవతి గారు ఫోన్లో చెప్పి, చాలాసేపు నవ్వారు. కారు తాళం తర్వాత ఆయనకి తిరిగి ఇవ్వలేదు. నేను ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆయనకి ఇంకో స్ట్రోక్ రాలేదు. తర్వాతి సంగతి నాకు తెలియదు, తెలియనిది రాయను.

మా యూనిట్‌లో మాత్రం ఆ వారం నుంచి పద్ధతి మారింది. స్ట్రోక్ పేషెంటు తిరిగొచ్చినప్పుడు చేతికీ కాలికీ చేసినట్టే బుర్రకీ పరీక్ష చేశాం. అది పేషెంటుని ఒంటరిగా కూర్చోబెట్టి చేశాం. బంధువుల్ని వేరే గదిలో కూర్చోబెట్టి విడిగా అడిగాం. వాళ్లకి చాలా తెలుసు, ఆ తెలిసింది పేషెంటు నోట్లో పెట్టకూడదంతే. స్ట్రోక్ వచ్చిన మనిషికి చెయ్యీ కాలూ తిరిగి రావడం సగం కబురు. మిగతా సగం అడిగి తెలుసుకోవాలి. అడిగాక ఆయన జవాబు చెప్పేదాకా, లేదా తెలీదనేదాకా, గదిలో మిగిలినవాళ్లు నోరు మూసుకోవాలి.